అరవై నామాలు

కార్లకు నీడ కావాలని ఎవరికి తోచిందో గానీ, ఆ నీడనిచ్చే కప్పులోంచే కరెంటు కూడా తియ్యొచ్చని ఇంకెవరికో తోచింది. అలా రెండువేల తొమ్మిది దసరాకు ముందు, తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న ఒక ప్రభుత్వరంగ సంస్థ ఆఫీసులో, కార్లు నిలిపే జాగాలో ఇనుప స్తంభాలు లేచాయి. వాటి మీద ఏటవాలుగా అరవై సోలార్ పలకలు పరిచారు. నెలన్నర పాటు ఎర్రటి ఎండలో గుంతలు తవ్విన వాళ్ళకు, బోల్టులు బిగించిన వాళ్ళకు తల దాచుకునే నీడ లేదు. ఇప్పుడు కార్లు మాత్రం చల్లగా పడుకున్నాయి.

ఆ పని చేయించిన సూపర్‌వైజరు కృష్ణస్వామి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, బెంగుళూరు కంపెనీ ఉద్యోగి, ఇల్లు తిరుపతిలోనే. పని ముగిసిన శనివారం మధ్యాహ్నం ఆయన గోడకున్న కరెంటు బోర్డు తలుపు తెరిచి మీటర్లు చూసుకున్నాడు. పలకలు పదేసి చొప్పున ఆరు వరుసలు. వరుసకొక చిన్న మీటరు, అన్నిటికీ కలిపి పైన కిలోవాట్లు చూపే ఒక పెద్ద మీటరు. పెద్ద ముల్లు ఏడు దాటి నిలబడింది. కృష్ణస్వామికి కడుపు నిండినట్టయింది.

"ముల్లు బాగా లేసినట్టుండాదే" అన్నాడు వెనకనుంచి ఆఫీసు మేనేజరు అమర్‌నాథ్. "రేపు ఆయుధపూజ గదప్పా. డ్రైవర్లు కార్లకు కుంకం పెడతారు, టైపు మిషన్లకు మనవాళ్ళు పెడతారు. ఇంత పెద్ద వస్తువు బోడిగా ఉంటే ఏం బాగుంటాది? పేపరోళ్ళు గూడా వస్తా ఉండారు."

"నామాలు దిద్దుతాను సార్" అన్నాడు కృష్ణస్వామి, అడిగేదాకా ఆగలేనట్టు.

ఆ మాట ఊరికే అనలేదు. ఆయన తండ్రి గుడి ఏనుగు నొసటికి నామం దిద్దిన మనిషి. అచ్చు పెట్టి కాదు, చేతి వేళ్ళతో. ఏనుగు తల ఆడిస్తున్నా గీత వంకర పోయేది కాదు. ఆ చెయ్యి కొడుక్కి వచ్చింది గానీ దిద్దడానికి ఏనుగు రాలేదు. బోల్టులు, వైర్లు, లెవెల్ గొట్టాలు వచ్చాయి. ఇన్నేళ్ళకు తన పని మీద తన చేతి గీత పడే రోజు వచ్చిందని ఆయన సంబరపడ్డాడు. అందులో తప్పేముందని మీరూ నేనూ కూడా అనుకుని ఉండేవాళ్ళమే.

ఆ సాయంత్రం నామాలకు వాడే తెల్లమట్టి, తిరుమణిని నూరి, వాన పడితే కారిపోకుండా అందులో తుమ్మబంక కలిపాడు. నడుమ గీతకు ఎర్రటి శ్రీచూర్ణం. పలకల వరుసల మధ్య నడవడానికి వేసిన సన్నటి ఇనుప పట్టీ మీద గొంతుకూర్చుని, ఒక్కో పలక నడిమధ్య జానెడు ఎత్తు నామం దిద్దుకుంటూ పోయాడు. మునిలక్ష్మి గిన్నెలు పట్టుకుని వెనకాలే జరిగింది.

మునిలక్ష్మి పలకలు కడిగే మనిషి. పాకాల నుంచి పొద్దున పాసింజరుకి దిగి, ఎండ ముదరక ముందే నిచ్చెనెక్కి, పొడుగు కర్రకు కట్టిన మెత్తటి గుడ్డతో అరవై పలకలూ కడిగి దిగుతుంది. పక్కనే రోడ్డు వేస్తున్నారు, ఒక్క పూట కడగకపోతే ఎర్రదుమ్ము అట్ట కడుతుంది. కంపెనీ వాళ్ళు పని ఒప్పుకున్నట్టు కాగితం రాసేటప్పుడు, ఐదేళ్ళ పాటు పలకలు కడిగే మనిషిగా అందులో ఆమె పేరు రాయిస్తానని కృష్ణస్వామి మాటిచ్చాడు. ఐదేళ్ళ పని అన్న మాట ఆమె ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుందో, ఎన్ని పనులకు దాన్ని ముడిపెట్టుకుందో మనకు తెలియదు. ఇంతకు ముందు ఆమె చేసిన పనులేవీ వారం దాటి ఉండే పనులు కావు.

"ఏనుగు మింద రాసినట్టే ఉండాయి సామీ" అంది మునిలక్ష్మి. "రేప్పొద్దున నేను కడిగితే పోవా?"

"బంక కలిపినాను, పోవు. అయినా నువ్వు నామం మింద చెయ్యి పెట్టొద్దు. చుట్టూ కడుక్కుంటా పో."

"నేనెందుకు పెడతాను సామీ" అంది ఆమె, అంత మాట అన్నందుకు నొచ్చుకున్నట్టు.

ఆదివారం పూజ జరిగింది. గుమ్మడికాయ కొట్టారు. పై అంతస్తు వరండాలో నిలబడి చూస్తే, నల్లటి పలకల మీద అరవై నామాలు ఒకే కొలతతో బారులు తీరి కనబడ్డాయి. ఫొటోగ్రాఫరు మేనేజరునూ కృష్ణస్వామినీ ముందు నిలబెట్టి అక్కడి నుంచే ఫొటో తీశాడు. అమర్‌నాథ్ కృష్ణస్వామి భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే అందరికీ పరిచయం చేశాడు.

బుధవారం మధ్యాహ్నం బెంగుళూరు నుంచి ఫోను వచ్చింది. కంపెనీ ఇంజనీరు ప్రసన్నకుమారి. చిత్తూరు వైపు అమ్మాయే, మాట సూటిగా ఉంటుంది. పండగ సెలవులయ్యాయి కదా, పన్నెండు గంటల రీడింగు చెప్పమంది. కృష్ణస్వామి బోర్డు తలుపు తీసి చూసి, ముల్లు ఇరుక్కుందేమోనని మీటరు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. నాలుగున్నర. ఆకాశం వంక చూశాడు. ఒక్క మబ్బు లేదు.

"నాలుగున్నరా? శనివారం ఏడని చెప్పినారు కదండీ?" అంది ప్రసన్నకుమారి. "వైర్లు చూసినారా?"

వైర్లు చూశాడు. బిగింపులు చూశాడు. గంట తర్వాత మళ్ళీ ఫోను చేసి అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు.

"అయితే పైన చూడండి. నీడ పడతా ఉందా? పక్షుల రెట్టలు, ఆకులు ఏమన్నా ఉండాయా? పలకలో గళ్ళు ఉంటాయి కదండీ, ఒక్క గడి మీద చెయ్యంత మేర మూసుకున్నా ఆ పలకిచ్చే కరెంటు కుంగిపోతుంది. పలక కుంగితే వరుసంతా కుంగుతుంది. చిన్నదే కదా అనుకుంటాం గానీ దెబ్బ చిన్నది కాదు."

కృష్ణస్వామి చెవిలో ఫోను అలాగే ఉండిపోయింది. చెయ్యంత మేర. ఆయన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా వైర్లతో బతుకుతున్న మనిషికి ఆ పాటి సంగతి తెలియక కాదు. తెలిసిన సంగతిని తనే చేసిన పనికి అన్వయించుకోలేదు, అంతే. నామం ఎండకు అడ్డమని ఎవరనుకుంటారు?

"ఏమంటా ఉండాది ఇంజనీరమ్మ?" అన్నాడు అమర్‌నాథ్, ఎప్పుడొచ్చాడో పక్కనే నిలబడి.

"పలకలు శుభ్రంగా ఉండాలంటా ఉంది సార్" అన్నాడు కృష్ణస్వామి.

అది అబద్ధం కాదు. అందుకే నోట్లోంచి అంత సులువుగా వచ్చింది. మిగతా సగం నాలుక చివరే ఉంది. మరొక్క క్షణం అమర్‌నాథ్ ఆగి ఉంటే అదీ వచ్చేదేమో. ఆయన ఆగలేదు. కార్ల మధ్య బకెట్టు కడుక్కుంటున్న మునిలక్ష్మిని కేకేశాడు.

"ఏమ్మా, పలకలు కడగతా ఉండావా, నీళ్ళు చల్లి దిగిపోతా ఉండావా?"

"దినామూ కడగతానే ఉండా సార్."

"కడిగితే కరెంటు ఎట్ల పడిపోయింది? ఆయప్ప నెలన్నర కష్టపడి నిలబెట్టినాడు. నాలుగు దినాల్లో పాడు సేసినావు."

మునిలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూ కృష్ణస్వామి వంక చూసింది. వేడుకుంటున్నట్టు కాదు, పక్క మనిషి చెప్పాల్సిన వంతు వచ్చినప్పుడు చూస్తామే, అలా. కృష్ణస్వామి బోర్డు కింద వేలాడుతున్న వైర్ల కట్టను చేతిలోకి తీసుకున్నాడు. బాగానే ఉన్న ముడిని విప్పి మళ్ళీ కట్టాడు. ఆ ముడి పూర్తయ్యేసరికి ఆమె చూపు తిప్పేసుకుంది.

"రేపట్నుంచి రావొద్దులే. శుక్రవారం వచ్చి సామాన్ల గది తాళంచెవి ఇచ్చిపో" అన్నాడు అమర్‌నాథ్.

ఆమె ఎదురు చెప్పలేదు. నామం మీద చెయ్యి పెట్టొద్దని సామి చెప్పాడన్న ఒక్క ముక్క చాలు. ఆ ముక్క కూడా అనలేదు. గుడ్డ పిండి కర్రకు ఆరేసి, బకెట్టు బోర్లించి, గేటు దాటి పోయింది. పాకాల బండికి ఇంకా మూడు గంటల టైముంది. అంతసేపు స్టేషన్లో కూర్చుంటుంది కాబోలు అనుకున్నాడు కృష్ణస్వామి. ఆ అనుకున్నది ఆయన్ను ఇంటిదాకా వదల్లేదు.

ఇంట్లో భార్య వరదమ్మ పేపర్లో పడిన ఫొటో కత్తిరించి, బియ్యం డబ్బా కింద నలగకుండా పెట్టి ఉంచింది. భోజనానికి కూర్చోగానే తీసి చూపించింది. అరవై నామాలూ వచ్చాయి. కింద కృష్ణస్వామి పేరు కూడా వేశారు.

"మామగారుంటే ఎంత పొంగిపోయేవారో" అంది.

కృష్ణస్వామి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. సంగతంతా చెప్పాడు. వరదమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"పొద్దున్నే పొయ్యి తుడిచేస్తాను" అన్నాడు చివర్లో. "ముల్లు దాని జాగాకు అది వస్తుంది. అంతా సర్దుకున్నాక ఆయమ్మను పిలిపించమని చెప్తాను."

"నామాలు తుడుస్తారా?" అంది వరదమ్మ. మళ్ళీ తనే, "తుడిస్తే తుడిచినారులే, దేవుడేమీ అనుకోడు. అయినా పిలిపించేది తర్వాత ఎందుకు? రేపే చెప్పొచ్చు కదా, తప్పు నాదని."

"చెప్తాలే" అన్నాడు కృష్ణస్వామి. చెప్పకుండా సర్దుకునే దారి కనబడ్డాక ఎవరు చెప్తారు?

గురువారం తెల్లవారుతూనే ఆయన నిచ్చెనెక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఓబయ్య తప్ప ఇంకెవరూ రాలేదు. తుమ్మబంక ఊరికే వదిలే వస్తువు కాదు. వేడినీళ్ళ గుడ్డ వేసి నానబెట్టి, గాజు మీద గీత పడుతుందని చాకు వాడకుండా, గోటితో అంచులు లేపాడు. తండ్రి నేర్పిన గీత గోటి కింద పొడిపొడిగా రాలింది. అప్పుడు గమనించాడు. ప్రతి నామం చుట్టూ గాజు అద్దంలా మెరుస్తోంది. అంచు వెంబడి ఎక్కడా దుమ్ము చార కూడా లేదు. గీత వంపు తిరిగిన చోట కర్రతో కుదరదు గనక, గుడ్డ వేలికి చుట్టుకుని తుడిచి ఉంటుంది మునిలక్ష్మి. తుమ్మబంక తెల్లంచును వేలు ఎక్కడా తాకలేదు. నాలుగు రోజులు అరవై పలకల మీద అంత జాగ్రత్తగా తిరిగిన మనిషి నీళ్ళు చల్లి దిగిపోయిందట. కృష్ణస్వామికి ఆ పట్టీ మీదే కూలబడి ముఖం దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు. ఇంకా నలభై పలకలు మిగిలాయి, ఆఫీసు వేళయితే అందరూ చూస్తారు.

పన్నెండింటికి పెద్ద ముల్లు ఏడు దాటి నిలబడింది.

"సూసినావా అప్పా?" అన్నాడు అమర్‌నాథ్, ముల్లును తనే ఎత్తి నిలబెట్టినంత సంతోషంగా. "నిన్న ఆయమ్మను పంపించినాం, ఈ పొద్దు లేసి కూర్చునింది. ఎవురితో కడిగించినావు?"

"నేనే కడిగినాను సార్."

"అదీ. మన పని అనుకుని సేస్తే వస్తాది. నామాలు గూడా పోయినట్టుండాయే?"

"కడిగేటప్పుడు పోయినాయి సార్."

"పోతే పోయినాయిలే, ఫొటో ఉండాది గదా."

కృష్ణస్వామి నోరు తెరిచాడు. మునిలక్ష్మిని పిలిపిద్దాం సార్ అనాలి, అనుకున్న మాట అదే. కానీ ఏమని పిలిపించాలి? ఆమె కడిగినన్నాళ్ళు ముల్లు పడింది, ఆమె పోయాక లేచింది. చూసినవాడెవడైనా అమర్‌నాథ్ అన్నదే అంటాడు. రాత్రి ఆయన తనకు సులువనుకున్న దారి ఆమె మీద నేరం రుజువు చేసి పెట్టింది. తెరిచిన నోరు మూసుకుని, బోర్డు తలుపు కూడా మూశాడు. ఆ రాత్రి వరదమ్మ అడిగింది, చెప్పినారా అని. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం ప్రసన్నకుమారి బెంగుళూరు బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చింది. పలకలు చూసింది, స్తంభాలు తట్టింది, మీటర్లు రాసుకుంది. పదకొండు దాటాక పై అంతస్తులో అమర్‌నాథ్ గదిలో కూర్చుని, పని ఒప్పుకున్నట్టు కాగితం నింపింది. మధ్యలో రీడింగు పడిపోయిన సంగతికి ఒక గడి ఉంది. మేనేజరు చెప్పిన కారణంతో దాన్ని నింపుతూ పైకే చదివింది.

"ముప్పయ్యో తేదీ ఉత్పత్తి తగ్గింది. కారణం, కడిగే మనిషి మునిలక్ష్మి నిర్లక్ష్యం. ఆమెను మార్చిన మీదట సరి అయింది. ఇట్ల రాస్తే చాలు కదా సార్?"

"సాలు. కృష్ణస్వామీ, సంతకం పెట్టప్పా" అన్నాడు అమర్‌నాథ్.

కృష్ణస్వామి పెన్ను తీసుకుంటూ ఉండగా గుమ్మం దగ్గర మునిలక్ష్మి వచ్చి నిలబడింది. తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, పనికి వచ్చినప్పుడు ఎప్పుడూ కట్టుకోని చీర. ఆమె గదిలోకి రాకుండా వరండా చివరికి పోయి కిందికి చూసింది. అన్నాళ్ళు కడిగిన మనిషి, చివరిసారి చూసుకోవాలని కాబోలు. చూసి వెనక్కి వచ్చింది.

"నామాలు లేవే" అంది.

"కడిగితే పోయినాయమ్మా. నీ మాదిరి కాకుండా కడిగితే" అన్నాడు అమర్‌నాథ్.

మునిలక్ష్మి తాళంచెవి బల్ల మీద పెట్టింది. పెడుతూ, పెన్ను పట్టుకున్న కృష్ణస్వామి చేతిని చూసింది. ఒక రోజు గడిచినా గోళ్ళ సందుల్లో తెలుపు పూర్తిగా పోలేదు.

"సెయ్యి పెట్టొద్దంటిరే సామీ" అంది, నెమ్మదిగా. "పెట్టమని సెప్పింటే గడియలో తుడిసేసి ఉందునే."

ప్రసన్నకుమారి తలెత్తి ఒకసారి ఆమెను, ఒకసారి ఈయన్ను చూసింది. ఏ నామాలు అని అడగబోయింది. కృష్ణస్వామి పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మేడం, మీటర్ల దగ్గరికి ఒకసారి రండి" అన్నాడు. "సార్, మీరూ రావాల."

కిందికి దిగి తన పనిముట్ల సంచిలో మిగిలిపోయిన తిరుమణి గడ్డ తీశాడు. బకెట్టు నీళ్ళలో ముంచి, ఒక రేకు మీద అరగదీశాడు. బోర్డు తలుపు బార్లా తెరిచి పెట్టాడు. డ్రైవర్లు ఒకరొకరే చేరారు. ఓబయ్య గేటు వదిలేసి వచ్చాడు. కృష్ణస్వామి నిచ్చెనెక్కి, మొదటి వరుస మొదటి పలక మీద, కాలే గాజు మీద, నామం దిద్దాడు. జీవితంలో మొదటిసారి గీత వంకర పోయింది.

"మొదటి వరుస ముల్లు చూడండి మేడం" అన్నాడు పైనుంచి.

రెండో పలక, మూడో పలక. ఒక్కో నామానికి ఒక్కో మెట్టు దిగినట్టు ఆ చిన్న ముల్లు దిగింది. మిగతా ఐదు ముళ్ళూ కదల్లేదు. పదో నామం పూర్తయ్యేసరికి మొదటి ముల్లు సగానికి పడిపోయింది. ప్రసన్నకుమారి ఆ అంకె రాసుకుంది. డ్రైవర్లలో ఎవరో నాలుక చప్పరించిన చప్పుడు వినబడింది.

"అరవై పలకల మీదా నేనే దిద్దినాను" అన్నాడు కృష్ణస్వామి. "ఆయమ్మను నామం మింద చెయ్యి పెట్టొద్దని చెప్పింది నేను. ఫోనులో మీరు చెప్పినప్పుడే నాకు తెలిసిపోయింది. తెలిసీ ఊరకున్నాను. నిన్న తెల్లారి ఎవరూ చూడకుండా తుడిచినాను. తుడిచినాకైనా చెప్పింది లేదు."

అమర్‌నాథ్ మొహం కందగడ్డలా అయింది. ఫొటోలో ఆయన కూడా ఉన్నాడు మరి. "ఇదంతా ఇంతమంది ముందర ఎందుకప్పా" అన్నాడు, డ్రైవర్లకు వినబడకుండా.

కృష్ణస్వామి తడిగుడ్డ పట్టుకుని కిందికి చూశాడు. మునిలక్ష్మి నిచ్చెన పట్టుకుని ఉంది. ఎవరూ పట్టుకోమనలేదు, అలవాటుగా పట్టుకుంది. ఆయన గుడ్డ ఆమెకు అందించబోయాడు.

"నువ్వే తుడిచెయ్ మునిలక్ష్మీ. ఇప్పుడు చెయ్యి పెట్టొచ్చు."

అలా ఆమె చేత తుడిపిస్తే తనకు కొంచెం తేలికవుతుందని ఆయన ఆశ. మునిలక్ష్మి గుడ్డ అందుకోలేదు.

"మీరు రాసినారు, మీరే తుడవండి సామీ. నిచ్చెన నేను పట్టుకుంటాను." ఆమె గొంతులో కోపం లేదు. "పూజనాడే ముల్లు దిగింది. నేను సూసినా. మీకూ తెలిసే ఉంటాదిలే, మీరే సెప్తారులే అనుకుంటి. మీ సేత్తో దేవుని పేరున రాసింది, నేను తప్పంటే ఎవురింటారు?"

కృష్ణస్వామి పది నామాలూ తుడిచాడు. బంక కలపని నామాలు ఒక్క తుడుపుకే పోయాయి. ముల్లు మళ్ళీ పైకి లేచింది. దిగి వచ్చేటప్పుడు ఆమె మొహం వంక చూడలేక మెట్లు చూసుకుంటూ దిగాడు.

ప్రసన్నకుమారి కారు బానెట్టు మీద కాగితం పరిచి, మునిలక్ష్మి మీద తను రాసిన రెండు వాక్యాలూ కొట్టేసింది. పెన్ను ఆపి ఆలోచించింది.

"కారణం ఏమని రాసేది? నామాల వల్ల అని రాస్తే పైవాళ్ళు ఏమనుకుంటారో తెలీదు" అంది.

"నామాలేం చేసినాయి మేడం" అన్నాడు కృష్ణస్వామి. "సూపర్‌వైజరు కృష్ణస్వామి పలకల మింద గీసి, ఆ సంగతి దాచిపెట్టినందువల్ల అని రాయండి. కింద సంతకం పెడతాను."

ఆమె రాసింది. ఆయన సంతకం పెట్టాడు. ఐదేళ్ళు కడిగే మనిషి గడిలో ప్రసన్నకుమారి ఎవరినీ అడగకుండా పేరు నింపింది. అమర్‌నాథ్ తన జేబులోకి చేరిన తాళంచెవి తీసి, మునిలక్ష్మికి ఇవ్వడానికి చెయ్యి చాచలేక, కారు మీద పెట్టాడు.

మునిలక్ష్మి దాన్ని వెంటనే తీసుకోలేదు.

"నాకు సదువు రాదమ్మా" అంది ప్రసన్నకుమారితో. "మొదట నా పేరు కాడ రాసింది కొట్టేసినారు గదా. ఇప్పుడు రాసింది ఒకసారి సదవండి. డ్రైవర్లకు గూడా ఇనపడేట్టు."

ప్రసన్నకుమారి కాగితం చేతిలోకి తీసుకుని, కృష్ణస్వామి వంక చూసింది, చదవమంటారా అన్నట్టు. ఆయన ఈసారి తల దించుకోలేదు. బకెట్టు పక్కన నిలబడి, కాగితంలో తన పేరు వచ్చేదాకా విన్నాడు.